క్రిస్టల్ మార్చే ముందు

“అన్నా, పొద్దుగాల లేస్తలేదు. పది పదకొండు అయినంక దానంతట అదే లేస్తది.”

వానకాలం మొదట్లో ఒక బత్తాయి రైతు తన మొబైల్ స్టార్టర్‌ను నా బల్ల మీద పెట్టి చెప్పిన మాట ఇది. విజయవాడ రహదారి నుంచి అద్దంకి దారి చీలే నార్కట్‌పల్లిలో ఇలాంటి డబ్బాలకు కొదవ లేదు. చుట్టుపక్కల ఎన్నో చేన్లు, తోటలు బోర్ల మీదే ఆధారపడ్డవి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటరు లేవడానికి పెట్టుకున్న పాత ఆటో స్టార్టర్లను తీసెయ్యమని అధికారులు చెప్పారు. ఫోనుతో నడిపేవి, టైము పెట్టుకుంటే వాటంతట అవే ఆగేవి ఇప్పుడు పొలాల్లో కనిపిస్తున్నాయి. కాంటాక్టరు, రిలే మాత్రమే ఉండే డబ్బాలోకి మైక్రోకంట్రోలర్ వచ్చి కూర్చుంది. దాని వెంట దాని గడియారం వచ్చింది, ఆ గడియారపు జబ్బులూ వచ్చాయి.

ఆ రైతు డబ్బాలో వేళ చూసే చిన్న క్రిస్టల్‌ను అప్పటికే రెండుసార్లు మార్చారు. మార్చిన ప్రతిసారీ వారం పదిరోజులు మంచిగా నడిచి మళ్లీ మొదటికొచ్చింది. క్రిస్టల్‌లో తప్పు లేదని తేలడానికి నాకు ఒక పూట పట్టింది. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు ప్రశ్న మొత్తాన్నీ ఒకచోట పరిచి చూడాలి. క్రిస్టల్‌తో నడిచే ఆ గడియారం, అంటే ఆసిలేటర్, ఎందుకు ఆగుతుంది, ఎందుకు తప్పు వేగంతో నడుస్తుంది, తప్పును ఏ వరుసలో వెతకాలి? నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: బోర్డు లేవకపోతే క్రిస్టల్‌ను అన్నిటికన్నా చివర అనుమానించాలి. మనం మాత్రం మొట్టమొదట దాన్నే పీకుతున్నాం.

ఊయల ఊగే తీరు

క్వార్ట్జ్ వంటి స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో ఫ్రాన్స్‌లో జాక్, పియరీ క్యూరీ అన్నదమ్ములు చూపించారు. విద్యుత్తు పెడితే స్ఫటికం కదులుతుందని కూడా ఆ తర్వాత తేలింది. 1920ల మొదట్లో అమెరికాలో వాల్టర్ కేడీ ఈ గుణంతో ఆసిలేటర్ వేగాన్ని నిలకడగా ఉంచాడు. 1923లో జార్జ్ పియర్స్ దాన్ని తక్కువ భాగాలతో నడిచే సర్క్యూటుగా మలిచాడు. మన బల్ల మీదికొచ్చే చిప్పుల్లో చాలావాటిలో ఉన్నది ఇప్పటికీ ఆ పియర్స్ పద్ధతే. చిప్పు లోపల ఒక ఇన్వర్టర్, దాని రెండు కొసల మధ్య క్రిస్టల్, ఒక్కో కొస నుంచి గ్రౌండుకు ఒక్కో చిన్న కెపాసిటర్.

ఊయల ఊపేవాళ్లకు తెలిసినవి రెండే సూత్రాలు. సరైన క్షణంలో తొయ్యాలి. ఒక్కో ఊపుకు తగ్గిపోయే బలం కన్నా ఎక్కువ బలంతో తొయ్యాలి. ఆసిలేటర్‌కూ ఆ రెండే షరతులు. సంకేతం చుట్టూ తిరిగి మొదలైన చోటికే సరైన దశలో రావాలి, తిరిగొచ్చేసరికి కాస్త పెరిగి ఉండాలి. కరెంటు ఇచ్చిన క్షణంలో ఉండేది అణువంత రొద మాత్రమే. అందులోంచి ఊపు పెరగాలి గనుక మొదలవడానికి సమయం పడుతుంది. మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌కు కొన్ని మిల్లీసెకన్లు చాలు. చేతిగడియారాల్లో ఉండే 32,768 హెర్ట్జ్ క్రిస్టల్‌కు ఒక సెకను దాకా, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ పట్టవచ్చు.

తప్పు వేగం: లెక్క చెప్పే సాక్ష్యం

కొత్త బోర్డుల్లో నేను ఎక్కువగా చూసేది ఆసిలేటర్ జబ్బు కాదు, సెట్టింగు పొరపాటు. ఏటీమెగా 328పీ చిప్పు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు తన లోపలి 8 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్‌ను ఎనిమిదితో భాగించుకుని 1 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. బయట 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెట్టినా, ఫ్యూజ్ బిట్లు అనే సెట్టింగులు మార్చేదాకా చిప్పు దాని వంక చూడదు. 16 మెగాహెర్ట్జ్‌కు రాసిన ప్రోగ్రాంలో సెకనుకోసారి వెలగాల్సిన ఎల్ఈడీ పదహారు సెకన్లకోసారి వెలుగుతుంది. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి లెక్కపెట్టండి. పదహారు రెట్లు నెమ్మదిగా ఉంటే ఫ్యూజులు అసలు మారలేదు. రెండు రెట్లే అయితే లోపలి 8 మెగాహెర్ట్జ్ నేరుగా నడుస్తోంది. ఏ మీటరూ అక్కర్లేని పరీక్ష ఇది.

పిక్ 16ఎఫ్877ఏలో ఎల్‌పీ, ఎక్స్‌టీ, హెచ్‌ఎస్ అని క్రిస్టల్‌కు మూడు ఎంపికలుంటాయి. ఎక్స్‌టీ 4 మెగాహెర్ట్జ్ దాకా, హెచ్‌ఎస్ 20 మెగాహెర్ట్జ్ దాకా. 20 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెట్టి ఎక్స్‌టీ ఎంచుకుంటే తోసే బలం చాలదు. ఒక బోర్డు లేస్తుంది, ఇంకోటి లేవదు. అప్పుడు అందరం క్రిస్టల్‌నే తిడతాం. ఏటీమెగా వంటి ఏవీఆర్ చిప్పుల్లో ఫ్యూజును పొరపాటున “బయటి క్లాక్” అని పెడితే చిప్పు ప్రోగ్రామర్‌కు కూడా పలకడం మానేస్తుంది. చచ్చిపోయిందనుకుని పారేస్తారు. ఇంకో చిప్పు నుంచి 1 మెగాహెర్ట్జ్ చతురస్ర తరంగాన్ని దాని ఎక్స్‌టాల్1 పిన్నుకు ఇస్తే వెంటనే పలుకుతుంది, ఫ్యూజు సరిదిద్దుకోవచ్చు.

కాలేజీ ల్యాబుల్లో తరతరాలు నేర్చుకున్న 8051లోనూ ఈ పాఠం ఉంది. 11.0592 మెగాహెర్ట్జ్ అనే వింత సంఖ్య ఎందుకని విద్యార్థులు అడుగుతారు. దాన్ని 12తో, 32తో, 3తో వరుసగా భాగిస్తే సరిగ్గా 9,600 వస్తుంది. అంటే సీరియల్ పోర్టుకు కావలసిన వేగం. అదే ప్రోగ్రాంతో 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెడితే 10,416 వస్తుంది, తేడా 8.5 శాతం. టెర్మినల్ తెరమీద చెత్త అక్షరాలు కనిపిస్తాయి. ఆసిలేటర్ మాత్రం గడియారంలా నడుస్తూనే ఉంటుంది.

కరెంటు, రీసెట్

ఏటీమెగా 328పీకి 20 మెగాహెర్ట్జ్ కావాలంటే కనీసం 4.5 వోల్టులు ఇవ్వాలి, 10 మెగాహెర్ట్జ్‌కు 2.7 వోల్టులు చాలు. 16 మెగాహెర్ట్జ్‌కు దాదాపు 3.8 వోల్టులు కావాలి. ఫోను కాల్ అందుకునే 3.3 వోల్టుల మోడెంతో కలిపి అదే సరఫరా మీద 16 మెగాహెర్ట్జ్ నడిపితే, బల్ల మీద నడిచిన బోర్డు పొలంలో తడబడుతుంది. చిప్పు ప్రతి పవర్ పిన్ను దగ్గరా 100 నానోఫారాడ్ల కెపాసిటర్ ఉందా, అనలాగ్ పవర్ పిన్నును వదిలేశారా, రీసెట్ లైను ఎక్కడైనా కిందికి గుంజుకుపోయిందా అనేవి చూడాలి. రీసెట్‌లో ఇరుక్కున్న చిప్పు కూడా బయటికి “క్రిస్టల్ పాడైన” చిప్పులాగే కనిపిస్తుంది.

ఆ రెండు కెపాసిటర్లు

మన దగ్గర 22 పికోఫారాడ్లు ఒక ఆచారమైపోయింది. కోఠి గుజరాతీ గల్లీలో క్రిస్టల్ కొంటే దాంతోపాటే రెండు 22లు చేతిలో పడతాయి. కానీ క్రిస్టల్ తన మీద రాసుకున్న వేగంతో నడవాలంటే దానికి తయారీదారు చెప్పినంత లోడు కెపాసిటెన్సు కనిపించాలి. లెక్క కష్టమేమీ కాదు. రెండు కెపాసిటర్లూ సమానమైతే క్రిస్టల్‌కు కనిపించేది అందులో సగం, దానికి పిన్నులు, ట్రాకుల సొంత కెపాసిటెన్సు కలుస్తుంది. ఇది మామూలుగా 3 నుంచి 5 పికోఫారాడ్లు. క్రిస్టల్‌కు 18 కావాలి, ట్రాకుల వంతు 5 అనుకుందాం. మిగిలిన 13ను రెట్టింపు చేస్తే 26. అంటే 27 పెట్టాలి. 22 పెడితే నడుస్తుంది, కానీ కొద్దిగా వేగంగా. 47 పెడితే నెమ్మదిస్తుంది, ఊయల బరువెక్కి కొన్ని బోర్డుల్లో అసలు లేవదు.

గడియారపు క్రిస్టల్ దగ్గర ఈ పొరపాటు ఇంకా పెద్దది. డీఎస్1307 అనే వేళ చూసే చిప్పు 12.5 పికోఫారాడ్ల క్రిస్టల్ కోసం కట్టింది. కావలసిన కెపాసిటర్లు దాని లోపలే ఉన్నాయి. బయట ఏమీ పెట్టకూడదు. అలవాటు కొద్దీ రెండు 22లు అంటించిన బోర్డులు నా దగ్గరికి వచ్చాయి. వాటిని పీకేయడమే వైద్యం.

బలం ఎంత మిగిలి ఉంది?

ఒక బోర్డు నా బల్ల మీద లేచిందంటే, వంద బోర్డులు అన్ని రుతువుల్లో లేస్తాయని కాదు. బలం ఎంత మిగులు ఉందో కొలవాలి. దానికి అందరికీ అందుబాటులో ఉన్న పరీక్ష ఒకటుంది. క్రిస్టల్‌కు వరుసలో ఒక రెసిస్టర్ కలిపి, దాన్ని పెంచుకుంటూ పోవాలి. ప్రతిసారీ కరెంటు తీసి మళ్లీ ఇచ్చి లేస్తుందా అని చూడాలి. ఎంత దగ్గర ఆగిపోయిందో ఆ విలువకు క్రిస్టల్ సొంత నిరోధాన్ని కలిపితే, అది సొంత నిరోధానికి కనీసం అయిదు రెట్లుండాలి. 50 ఓముల క్రిస్టల్‌కు వరుసలో 200 ఓములు పెట్టినా లేస్తే నిశ్చింత. 50 ఓములు కలపగానే పడిపోతే ఆ డిజైను అంచు మీద నిలబడి ఉన్నట్టే. మెగాహెర్ట్జ్ క్రిస్టల్ నిరోధం పదుల ఓములైతే, 32,768 హెర్ట్జ్ క్రిస్టల్ నిరోధం 35 నుంచి 70 వేల ఓములు. దానికి ఇవ్వదగిన బలం కూడా చాలా తక్కువ, మామూలుగా ఒక మైక్రోవాట్. ఎక్కువ తోస్తే విరుగుతుంది, తక్కువ తోస్తే లేవదు. అన్నిటికన్నా నాజూకైన చోటు ఇదే.

తడి, ఎండ, కాంటాక్టరు

పుస్తకాలు ఈ భాగాన్ని నాలుగు వాక్యాల్లో ముగిస్తాయి. పొలంలో ఎక్కువ డబ్బాలు ఇక్కడే పడిపోతాయి.

మొదటిది తడి. గడియారపు క్రిస్టల్ పిన్నుల మధ్య ఉండే కరెంటు చాలా స్వల్పం. దాని ఇన్వర్టర్‌ను నడిమి వోల్టేజీ దగ్గర నిలిపే రెసిస్టర్ దాదాపు కోటి ఓములు. బోర్డు మీద మిగిలిన ఫ్లక్సు మంచును పీల్చుకుని కొద్ది మెగాఓముల దారి తెరిచినా ఆ నిలకడ చెదిరిపోతుంది. రెండోది వేడి. ఇదే క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర తన అసలు వేగంతో ఉంటుంది. అటు చలికీ ఇటు వేడికీ నెమ్మదిస్తుంది, తేడా డిగ్రీల వర్గంతో పెరుగుతుంది. ఎండలో నిలబెట్టిన ఇనుప డబ్బా లోపల 65 డిగ్రీలు అనుకుంటే, 40 డిగ్రీల తేడాకు పది లక్షల్లో 54 వంతుల నెమ్మది. రోజంతా ఆ వేడే ఉంటే రోజుకు 4.7 సెకన్లు, నెలకు రెండు నిమిషాల పైన. మోటరు టైముకు ఇది లెక్కలోకి రాదు. కానీ సంవత్సరాల తరబడి వేళ నమ్మాల్సిన చోట డీఎస్3231 వంటి, వేడిని కొలుచుకుని తనను తాను దిద్దుకునే చిప్పు పెట్టడం మేలు. మామూలు వాతావరణంలో దాని తేడా సంవత్సరానికి ఒక నిమిషం.

మూడోది కాంటాక్టరు. కాయిల్ వదిలిన క్షణంలో పుట్టే వోల్టేజీ దెబ్బ క్రిస్టల్ లైన్లలోకి దూరి లేని క్లాకులు పుట్టిస్తుంది, ప్రోగ్రాం దారి తప్పుతుంది. మోటరు లేచినప్పుడో ఆగినప్పుడో మాత్రమే బోర్డు పడిపోతోందంటే అనుమానం ఇటు తిప్పాలి. కాయిల్‌కు అడ్డంగా రెసిస్టర్, కెపాసిటర్ జత పెట్టాలి. క్రిస్టల్ చిప్పును ఆనుకుని ఉండాలి. దాని కింద వేరే సిగ్నల్ ట్రాకులు పోకూడదు, చుట్టూ గ్రౌండు ఉండాలి. బ్రెడ్‌బోర్డు మీద పరీక్షించేవాళ్లకు ఒక మాట. అక్కడ పక్క పక్క వరుసల మధ్యే కొన్ని పికోఫారాడ్లుంటాయి, స్ప్రింగులు వదులవుతుంటాయి. అక్కడ లేవని ఆసిలేటర్ మీద తీర్పు చెప్పకండి.

చివరికి క్రిస్టల్. కింద పడితే లోపలి పలక పగలవచ్చు. అల్ట్రాసోనిక్ తొట్టిలో కడిగితే చిన్న గడియారపు క్రిస్టళ్లు దెబ్బతింటాయి. 27 మెగాహెర్ట్జ్ మూడో ఓవర్‌టోన్ క్రిస్టల్‌ను మామూలు సర్క్యూటులో పెడితే 9 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది. ఇవన్నీ నిజమే. కానీ పై మెట్లన్నీ దిగాక రావాల్సిన మెట్టు ఇది.

కొలిచే చెయ్యి చెడగొట్టకుండా

వైద్యుడి చెయ్యి తగిలితే రోగి నాడి మారే చోటు ఇది. ఆసిలోస్కోపు ప్రోబును 1ఎక్స్ మీద పెడితే సుమారు 100 పికోఫారాడ్లు తగిలించినట్టు. నడుస్తున్న ఆసిలేటర్ ఆగిపోతుంది. 10ఎక్స్ మీద పెట్టినా 10 నుంచి 15 పడతాయి. గడియారపు క్రిస్టల్‌కు అదీ ఎక్కువే. ప్రోబు పెట్టగానే ఆగిన ఆసిలేటర్ అంతకుముందు నడుస్తూ ఉండవచ్చు. ప్రోబు పెట్టగానే లేచిన ఆసిలేటర్ మాత్రం కెపాసిటర్ల లెక్క తప్పిందని చెబుతోంది.

అందుకే క్రిస్టల్‌ను ముట్టకుండా కొలవాలి. 8051 రకం ఏటీ89సీ51లో ఏఎల్ఈ పిన్ను మీద క్రిస్టల్ వేగంలో ఆరో వంతు మామూలుగా వస్తూనే ఉంటుంది. 12 మెగాహెర్ట్జ్‌కు 2 మెగాహెర్ట్జ్. ఏవీఆర్‌లో క్లాక్ అవుట్ ఫ్యూజు, ఎస్‌టీఎం32లో ఎంసీఓ పిన్ను అదే పని చేస్తాయి. ఫ్రీక్వెన్సీ చూపే మల్టీమీటరు ఉంటే చాలు. స్టార్టర్ డబ్బాలో ఇంకో సాక్షి కూడా ఉంది. గ్రిడ్ ఫ్రీక్వెన్సీని దేశంలో 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య ఉంచాలని నియమం. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ద్వారానో ఆప్టోకప్లర్ ద్వారానో ఆ 50 హెర్ట్జ్‌ను లెక్కపెట్టుకుంటే చిప్పు తన గడియారం పెద్దగా తప్పిందో లేదో తానే చూసుకోగలదు. డబ్బాలో మూడు ఫేజులుంటాయి కాబట్టి, బోర్డును బయటికి తీసి వేరే సరఫరాతో నడపకుండా ఏ ప్రోబూ పెట్టకండి.

అసలు క్రిస్టల్ కావాలా?

ఈ ప్రశ్న మీద పనివాళ్లలో రెండు అభిప్రాయాలున్నాయి. క్రిస్టల్ లేని బోర్డు నమ్మకం కాదని కొందరు, పొలానికి పోయే బోర్డులో క్రిస్టలే పెట్టకూడదని కొందరు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. తేల్చాల్సింది పనిని బట్టి. సీరియల్ లైనులో ఒక అక్షరానికి పది బిట్లు. చివరి బిట్టు దగ్గర సగం బిట్టు తప్పితే చదవడం తప్పుతుంది. అంటే రెండు వైపులా కలిపి తట్టుకునేది దాదాపు 5 శాతం, జాగ్రత్తగా ఒక్కో వైపుకు 2 శాతం. ఏటీమెగా 328పీ లోపలి ఆసిలేటర్‌కు ఫ్యాక్టరీ ఇచ్చే హామీ 10 శాతం లోపు మాత్రమే, మనం దిద్దుకుంటే 1 శాతానికి తేవచ్చు. దిద్దకుండా మోడెంతో మాట్లాడిస్తే ఒకరోజు మాట్లాడుతుంది, ఒకరోజు మాట్లాడదు. సిరామిక్ రెజొనేటర్ అర శాతంలో ఉంటుంది, కుదుపులను బాగా తట్టుకుంటుంది, చాలా రకాల్లో కెపాసిటర్లు లోపలే ఉంటాయి. ఫుల్ స్పీడ్ యూఎస్‌బీకి పావు శాతం కావాలి. వేళ చూపడానికి క్రిస్టల్ తప్పదు.

నీటిమట్టం చూసి మోటరు ఆపే పనికి, ఫేజు పోతే కాంటాక్టరు వదిలే పనికి ఇవేవీ అక్కర్లేదు. అక్కడ లోపలి ఆసిలేటర్ చాలు. పడిపోయే భాగం ఎంత తక్కువగా ఉంటే రైతుకు అంత మేలు.

క్రిస్టల్ పెట్టినప్పుడు అది ఆగితే ఏం చెయ్యాలో కూడా ప్రోగ్రాంలో రాసి ఉండాలి. ఎస్‌టీఎం32లో ఉన్న క్లాక్ కాపలా, ప్రధాన క్రిస్టల్ ఆగగానే చిప్పును లోపలి ఆసిలేటర్ మీదికి మారుస్తుంది. పిక్ చిప్పుల్లో చాలావాటికి అలాంటిదే ఉంది. ఏవీఆర్ వాచ్‌డాగ్‌కు సొంత 128 కిలోహెర్ట్జ్ ఆసిలేటర్ ఉంది, క్రిస్టల్ మీద ఆధారపడదు. ఇవన్నీ చిప్పులో ఉచితంగా ఉన్నవే. వాడుకోకపోవడం మన తప్పు.

ఆ డబ్బా కథ

ఇప్పుడు బత్తాయి రైతు డబ్బాకు వద్దాం. నా బల్ల మీద అది మధ్యాహ్నమంతా నిక్షేపంగా నడిచింది. సెకనుకోసారి ఎల్ఈడీ వెలుగుతోంది. ఆయన మాటే గుర్తుంది: పొద్దున లేవదు, పదకొండుకు లేస్తుంది. వంగి ఆ చిన్న క్రిస్టల్ మీద నోటి ఆవిరి ఊదాను. ఎల్ఈడీ ఆగిపోయింది. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిగాలి పెట్టాను. మళ్లీ వెలిగింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే.

భూతద్దంలో చూస్తే క్రిస్టల్ కాళ్ల చుట్టూ గోధుమరంగు ఫ్లక్సు గడ్డకట్టి ఉంది. క్రిస్టల్ మార్చిన ప్రతిసారీ సోల్డరింగ్ ఐరన్ వేడికి తడి ఆరిపోయింది. అందుకే వారం పదిరోజులు నడిచింది. కానీ మార్చిన ప్రతిసారీ ఇంకొంచెం ఫ్లక్సు మిగిలిపోయింది. వైద్యమే జబ్బును పెంచింది. పైగా, వేళ చూసే గడియారం లేచేదాకా మిగతా ప్రోగ్రాం అంతా కదలకుండా కాచుకుని ఉండేలా రాశారు. కొద్ది సెకన్లు చూసి ముందుకు సాగేలా రాసి ఉంటే, వేళ తెలియకపోయినా ఫోను చెయ్యగానే మోటరు లేచేది. ఒక చిన్న గడియారం లేవనందుకు తోటకు పొద్దుటి తడి పోయేది కాదు.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పాత టూత్‌బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి, మళ్లీ ఊదాను. ఎల్ఈడీ ఆగలేదు. పైన బోర్డు వార్నిష్ పలచగా పూశాను. రెండుసార్లు మార్చిన మెకానిక్‌ల మీద నాకు కోపం లేదు. వాళ్లు ఏం చేశారో, ఎందుకు చేశారో రాసి ఉన్న ముక్క ఆ డబ్బాలో ఎక్కడా లేదు. అందుకే రెండోవాడు మొదటివాడు చేసిందే చేశాడు. మూత లోపలి వైపు స్కెచ్‌పెన్నుతో తారీఖు వేసి రాశాను: “క్రిస్టల్ మార్చలేదు. ఫ్లక్సు కడిగి వార్నిష్ వేసిన. మళ్లీ ఆగితే ముందు ఊది చూడు.”